పేరు చెక్కని భరిణె

కుంకుమ భరిణె లేని తెలుగిల్లు ఉండదు. చెక్కదో, ఇత్తడిదో, వెండిదో... అరచేతిలో ఇమిడే ఆ చిన్న వస్తువుతో ఆడవాళ్లకున్న అనుబంధం ఇంతా అంతా కాదు. పుట్టింటివాళ్లు పెట్టిందైతే మరీనూ! అయితే ఒక భరిణె ఒక ఆడమనిషి బతుకంతా చెబుతుందంటే నమ్ముతారా? స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో అలాంటిదొకటి ఉంది.

అది ఏనుగు దంతంతో చేసిన గుండ్రని భరిణె. ఎత్తు సుమారు 18 సెంటీమీటర్లు. అంటే జానెడుకి కాస్త తక్కువే. పైన గోపురంలాంటి మూత. ఒళ్లంతా తీగలు, ఆకులు. వాటి మధ్య నెమళ్లు, జింకలు, చిన్న చిన్న పిట్టలు. వేలు పెట్టే చోటు కూడా వదలకుండా ఉలితో చెక్కారు. మూత అంచు చుట్టూ అరబ్బీ అక్షరాలు. ఖలీఫా అల్ హకం దీన్ని చేయించాడనీ, దుర్రీ అనే అధికారి దగ్గరుండి చేయించాడనీ ఆ అక్షరాలు చెబుతాయి. హిజ్రీ 353, అంటే క్రీస్తు శకం 964 అని సంవత్సరం కూడా ఉంది. చేయించినవాడి పేరుంది, పని చూసినవాడి పేరుంది. మరి ఎవరి కోసం చేశారో ఆమె పేరు? అది మాత్రం లేదు! అబ్దుల్ రహమాన్ తల్లిగారి కోసం అని మాత్రమే ఉంది.

ఆ తల్లి పేరు సుబహ్. బానిసగా వచ్చి, ఖలీఫా మనసు గెలిచి, ఆ కాలంలో యూరప్‌లోనే అతి పెద్ద నగరాల్లో ఒకటైన కార్డోబాను కొడుకు పేరు మీద నడిపించిన స్త్రీ. చివరికి తాను పైకి తెచ్చిన మనిషి చేతిలోనే ఓడిపోయిన స్త్రీ కూడా.

పొద్దుపొడుపు అనే అమ్మాయి

ఆదిలాబాద్, ఇచ్చోడ, నిర్మల్ వైపు వాళ్లకి ఈమె పేరుకి అర్థం చెప్పక్కర్లేదు. ఉర్దూ వినిపించే ప్రతి వాడలోనూ సుబహ్ అంటే పొద్దున. అరబ్బీలోనూ అంతే. మన ఉష లాంటి పేరన్నమాట. తర్వాతి కాలపు యూరప్ చరిత్రకారులు ఆమెను అరోరా అని పిలిచారు. దాని అర్థమూ పొద్దుపొడుపే. అయితే ఇది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. బానిసగా వచ్చిన ఆడపిల్లలకు యజమానులు పెట్టుకునే ముద్దుపేర్లలో ఒకటి.

పుట్టింది స్పెయిన్ ఉత్తరాన, ఇప్పటి నవార్రా ప్రాంతంలో. సుమారు 940 ప్రాంతంలో అంటారు. కొండల్లో ఉండే బాస్క్ జాతి పిల్ల. అప్పట్లో స్పెయిన్ దక్షిణ, మధ్య భాగాలు ముస్లిం ఖలీఫాల ఏలుబడిలో ఉండేవి. ఆ రాజ్యాన్ని అల్ అందలూస్ అనేవారు. ఉత్తరాన చిన్న చిన్న క్రైస్తవ రాజ్యాలు. వీళ్ల మీద వాళ్లు, వాళ్ల మీద వీళ్లు దాడులు చేసుకోవడం ఏటా జరిగేదే. ఆ దాడుల్లో పట్టుబడినవాళ్లు సంతల్లో అమ్ముడుపోయేవారు. ఆడపిల్లలైతే, గొంతు బాగుంటే, పాట నేర్పి రాజప్రాసాదాలకు చేర్చేవారు. సుబహ్ కూడా పాట తెలిసిన పిల్లగానే కార్డోబా చేరింది.

ఇది మన దగ్గర ఏ కాలం అనుకుంటున్నారా? వేంగిలో రెండవ అమ్మరాజు ఏలుతున్న రోజులు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర గుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు తెలుగు కంద పద్యాలు చెక్కించింది కూడా ఆ పదో శతాబ్దంలోనే. ఇక్కడ రాతి మీద ఉలి ఆడుతుంటే, అక్కడ దంతం మీద ఆడిందన్నమాట!

పుస్తకాల ఖలీఫా

అల్ హకం 961లో గద్దెనెక్కాడు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. తండ్రి మూడవ అబ్దుల్ రహమాన్ దాదాపు యాభై ఏళ్లు మహావైభవంగా ఏలి పోవడంతో కొడుక్కి ఆలస్యంగా అవకాశం వచ్చింది. యుద్ధాల కన్నా పుస్తకాలంటే ఎక్కువ ఇష్టపడ్డ మనిషి. ఆయన గ్రంథాలయంలో 4,00,000 పుస్తకాలుండేవని పాత చరిత్రకారులు రాశారు. బాగ్దాద్, కైరో నుంచి కూడా రాతప్రతులు తెప్పించేవాడు. ఆయన కొలువులో లుబ్నా అనే స్త్రీ కార్యదర్శిగా పనిచేసింది. లెక్కలు, వ్యాకరణం, అందమైన చేతిరాత... అన్నింట్లోనూ దిట్ట. వెయ్యేళ్ల కిందట ఒక రాజు దగ్గర ఆడమనిషి ఆ ఉద్యోగం చేసిందంటే గొప్ప సంగతే కదా!

అన్నీ ఉన్న ఆ ఖలీఫాకి ఒక్కటే కొరత. గద్దెనెక్కేనాటికి బిడ్డలు లేరు. రాజ్యానికి వారసుడు లేడంటే మాటలా? బంధువులు, సేనానులు, కొలువులోని పెద్దలు... అందరి చూపూ అంతఃపురం మీదే. సరిగ్గా ఆ సమయంలోనే సుబహ్ ఆయన మనసులో చోటు సంపాదించింది. ఆమెను ఆయన జాఫర్ అని మగ పేరుతో పిలిచేవాడట. బాగ్దాద్ రాజప్రాసాదాల్లో పుట్టిన ఒక మోజు ప్రకారం ఆమె మగపిల్లవాడిలా దుస్తులు వేసుకునేదని కూడా చెబుతారు.

962లో సుబహ్ మగబిడ్డను కన్నది. ఖలీఫా తన తండ్రి పేరే పెట్టుకున్నాడు... అబ్దుల్ రహమాన్ అని. 47 ఏళ్ల వయసులో తొలిసారి తండ్రి అయిన ఆ మనిషి సంతోషం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. మూడేళ్లకి, 965లో, రెండో కొడుకు హిషాం పుట్టాడు.

అమ్మ అయితేనే స్వేచ్ఛ

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. ఇస్లాం ధర్మశాస్త్రంలో ఉమ్ వలద్ అనే మాట ఉంది. బిడ్డ తల్లి అని అర్థం. బానిస స్త్రీ తన యజమాని వల్ల బిడ్డను కంటే, ఆమెను ఇక అమ్మడానికి వీల్లేదు. ఇంకొకరికి ఇవ్వడానికీ వీల్లేదు. యజమాని పోయిన రోజున ఆమెకు స్వేచ్ఛ వస్తుంది. పుట్టిన బిడ్డకు బానిసత్వం అంటదు, తండ్రి ఆస్తిలో వాటా కూడా ఉంటుంది. అంటే సుబహ్ ఒడిలో పడ్డ ఆ పసివాడు ఉత్త వారసుడు కాదు. ఆమెను సంత నుంచి శాశ్వతంగా బయటపడేసిన బిడ్డ!

అందుకే ఆ భరిణె మీద ఉన్న నాలుగు మాటలు ఇంకోలా కూడా చదవచ్చు. అబ్దుల్ రహమాన్ తల్లి అని చెక్కడంలో ఆమె పేరు పోయింది నిజమే. కానీ ఆ మాటే ఆమెకు రక్ష. ఇవాళ్టికీ మన ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్లను ఫలానా అబ్బాయి అమ్మ అనే పిలవడం లేదూ! వాళ్ల అసలు పేరు రేషన్ కార్డులోనే కనబడుతుంది. ఆ పిలుపులో గౌరవమూ ఉంది, మరుగున పడటమూ ఉంది. సుబహ్ కథలో ఆ రెండూ చివరిదాకా పక్కపక్కనే నడిచాయి.

ఇంతకీ ఆ భరిణె ఎలా చేశారు? ఏనుగు దంతం మొదలు దగ్గర లావుగా, లోపల బోలుగా ఉంటుంది. ఆ భాగాన్ని అడ్డంగా కోస్తే గొట్టంలాంటి ముక్క వస్తుంది. అందుకే ఇలాంటి భరిణెలన్నీ గుండ్రంగా ఉంటాయి, దంతం లావును మించి పెద్దవి కావు. ఉత్తర ఆఫ్రికా దారిన వచ్చే ఆఫ్రికా ఏనుగు దంతం దీనికి వాడేవారు. కార్డోబా పక్కనే అల్ హకం తండ్రి 936లో మొదలుపెట్టిన మదీనత్ అల్ జహ్రా అనే కొత్త రాజనగరం ఉండేది. దంతపు పని అక్కడి రాచ కార్ఖానాలో సాగేది. పైన బొమ్మ తేలి కనబడేలా అడుగున లోతుగా తవ్వేవారు. ఒక్క దెబ్బ తప్పినా అంత ఖరీదైన ముక్కా పాడే.

వాటిలో ఏం దాచేవారు? కస్తూరి, కర్పూరం, అంబరు లాంటి సుగంధాలు. ఆ కాలపు ఇంకో దంతపు భరిణె మీద ఆ సంగతి పద్యంలో చెక్కి ఉంది. మూత తీస్తే పరిమళం గుప్పుమనాలి. దంతం నునుపు, సుగంధం ఘాటు... రెండూ దర్జాకి గుర్తులు.

966లో ఖలఫ్ అనే పనివాడు ఇంకో దంతపు పెట్టె చేశాడు. ఇది పలకల పెట్టె. బిడ్డలను కన్న అతి ప్రియమైన స్త్రీ కోసం అని అర్థం వచ్చే మాటలు దాని మీద ఉన్నాయి. అదీ సుబహ్ కోసమేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఇందులోనూ పేరు లేదు, గమనించారా?

వెండి మేడ తెచ్చిన గుమాస్తా

సుబహ్‌కీ, పిల్లలకీ భూములు, ఆస్తులు బోలెడు. చూసుకోవడానికి ఒక నమ్మకమైన మనిషి కావాలి. 967లో ఆ ఉద్యోగానికి ఒక యువకుడు వచ్చాడు. పేరు ఇబ్న్ అబీ ఆమిర్. వయసు ముప్పైకి దగ్గర. కార్డోబాలో న్యాయశాస్త్రం చదువుకుని, అర్జీలు రాస్తూ పొట్ట పోసుకున్న మనిషి. చురుకు, మాటకారితనం, అంతులేని ఆశ... మూడూ ఉన్నాయి. మొదట పెద్దకొడుకు అబ్దుల్ రహమాన్ ఆస్తుల పెత్తనం. కొద్ది నెలలకే నాణేలు పోసే టంకశాల అధికారం కూడా!

అతను సుబహ్‌కి ఒక కానుక చేయించాడు. వెండితో చేసిన చిన్న రాజభవనం నమూనా. దాన్ని వీధుల్లో మోసుకుపోతుంటే జనం విరగబడి చూశారట. అంత వెండి ఎక్కడిదీ అని గుసగుసలు మొదలయ్యాయి. టంకశాల సొమ్ము వాడుకున్నాడని ఖలీఫాకి ఫిర్యాదు వెళ్లింది. లెక్క చూపించమని పిలుపొచ్చేసరికి అతను ఒక స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చి లోటు పూడ్చి, దర్జాగా లెక్క అప్పజెప్పాడని చరిత్రకారులు రాశారు.

ఇక లోకం నోరు మూయించగలమా? సుబహ్‌కీ ఇతనికీ మధ్య ఏదో ఉందని ఆనాడే పుకార్లు పుట్టాయి. తర్వాత వచ్చిన కథలవాళ్లు వాటికి మరిన్ని రంగులద్దారు. ఆడమనిషి ఒక మగవాడికి పని అప్పగిస్తే దానికి ఆ ఒక్క కారణమే ఉంటుందా? అంతఃపురం గడప దాటని స్త్రీకి బయట చేతులూ కాళ్లూ అయి నడిచేవాడు కావాలి. ఊరూ పేరూ లేని యువకుడికి లోపలి నుంచి అండ కావాలి. ఒకరి అవసరం ఒకరు తీర్చుకున్నారు. ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది దీన్ని రాజకీయ పొత్తుగానే చూస్తున్నారు.

970లో సుబహ్ నెత్తిన పిడుగు పడింది. పెద్దకొడుకు అబ్దుల్ రహమాన్ పోయాడు. ఎనిమిదేళ్ల పసివాడు. భరిణె మీద చెక్కిన ఆ పేరు ఇక పిలవడానికి లేదు. మిగిలింది అయిదేళ్ల హిషాం ఒక్కడే. అల్ హకంకి వేరే కొడుకులు లేరు. ఇక సుబహ్ బతుకంతా ఆ ఒక్క ప్రాణం మీదే. హిషాం ఆస్తుల పెత్తనమూ ఇబ్న్ అబీ ఆమిర్‌కే దక్కింది.

రెండో భరిణె, రెండో తల్లి

ఈ కథలో ఇంకో దంతపు భరిణె ఉంది. 968లో చేసింది. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని మీద పేరు స్పష్టంగా ఉంది... అల్ ముఘీరా అని. ఇతను అల్ హకం తమ్ముడు. తండ్రి ముసలితనంలో, ముష్తాఖ్ అనే ఆమెకు పుట్టాడు. ఆమె కూడా సుబహ్‌లాగే బానిసగా వచ్చి రాజు బిడ్డకు తల్లి అయిన స్త్రీయే. భరిణె చేసేనాటికి ముఘీరా 18 ఏళ్ల కుర్రాడు.

ఆ భరిణె మీద సింహాలు ఎద్దుల మీద పడి కరుస్తుంటాయి. కుర్రాళ్లు గద్దల గూళ్లలోంచి గుడ్లు తీస్తుంటారు. గుర్రాల మీదున్నవాళ్లు చెట్టు నుంచి ఖర్జూరాలు కోస్తుంటారు. చూడ్డానికి వేడుకే. కానీ గద్దె మీద ఆశ పెట్టుకోకు, గూటిలో చెయ్యి పెట్టకు అనే హెచ్చరిక అందులో దాగుందని కొందరు పరిశోధకులు అంటారు. అవునో కాదో గానీ, ఆ కుర్రాడి కథ అలాగే ముగిసింది.

974 చివర్లో అల్ హకంకి పక్షవాతం వచ్చింది. బతికుండగానే కొడుకు హిషాంకి వారసుడిగా అందరిచేతా ప్రమాణం చేయించాడు. 976 అక్టోబర్ 1న కన్నుమూశాడు. హిషాంకి అప్పటికి పదకొండేళ్లు. పసివాడు ఖలీఫా కాకూడదని అంతఃపురంలోని ఇద్దరు పెద్ద అధికారులు ముఘీరాను గద్దెనెక్కించాలని చూశారు. మంత్రి ముస్హఫీకి ఆ సంగతి తెలిసింది. పిల్లవాడు రాజైతేనే తన పదవి నిలిచేది. ముఘీరాను ముగించమని తీర్మానించారు. ఆ పని నెత్తిన వేసుకుని సైనికులతో వెళ్లింది ఇబ్న్ అబీ ఆమిరే.

అన్న చనిపోయాడన్న కబురు అప్పుడే విన్న ముఘీరా, హిషాంకి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేశాడట. ఇబ్న్ అబీ ఆమిర్ మనసు కాస్త కరిగి మంత్రికి చీటీ పంపాడని చరిత్రకారులు రాశారు. జవాబు మారలేదు. సొంత ఇంట్లోనే, ఇంటి ఆడవాళ్ల కళ్లముందే, గొంతు బిగించి చంపేశారు. ఉరి వేసుకున్నాడని బయటికి చెప్పారు.

మర్నాడు హిషాం ఖలీఫా అయ్యాడు. సుబహ్ రాజమాత అయింది. ఇద్దరూ బానిసలుగా వచ్చినవాళ్లే, ఇద్దరూ రాజులకు కొడుకులను కన్నవాళ్లే. ఒక తల్లి కొడుకు బతకడానికి ఇంకో తల్లి కొడుకు పోవలసి వచ్చింది. అంతఃపురం ఆడవాళ్లకు ఇచ్చిన అధికారం ఎలాంటిదో ఇంతకన్నా చెప్పేదేముంది?

రాజమాత పేరు మీద

మొదటి రోజుల్లో సుబహ్ మాటకి ఎదురులేదు. ఆమెను సయ్యిదా, అంటే అమ్మగారు, దొరసాని అని గౌరవంగా పిలిచేవారు. జనం మెప్పు కోసం కొత్త ప్రభుత్వం ఆలివ్ నూనె మీద పన్ను తీసేసింది. వంటింటి ఖర్చు తగ్గితే ఏ ఇల్లాలు సంతోషించదు చెప్పండి? 977లో ఏసిహా అనే ఊళ్లో ప్రజలకు నీటి వసతి కట్టించింది. ఆ శిలాఫలకం ఆ ఊరి చర్చిలో ఇప్పటికీ ఉంది. అందులోనూ ఆమె ఖలీఫా హిషాం తల్లిగానే కనబడుతుంది.

మరోవైపు ఇబ్న్ అబీ ఆమిర్ మెట్టు మీద మెట్టు ఎక్కుతున్నాడు. ఉత్తరాది రాజ్యాల మీద దండయాత్రలు చేసి సైన్యాన్ని తనవైపు తిప్పుకున్నాడు. 978లో గొప్ప సేనాని ఘాలిబ్ కూతురు అస్మాను పెళ్లాడాడు. ఆ ఏడే మంత్రి ముస్హఫీని పడగొట్టి చెరలో వేయించాడు. ముస్హఫీ అక్కడే 983లో చనిపోయాడు. 981లో మామ ఘాలిబ్‌తోనే యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో మామ పోయాడు. ఆ ఏడాదే అల్ మన్సూర్, అంటే విజేత అనే బిరుదు పెట్టుకున్నాడు. చరిత్రలో ఆ పేరుతోనే ప్రసిద్ధుడు. స్పెయిన్‌వాళ్లు అల్మన్సోర్ అంటారు.

కార్డోబాకి అవతలి పక్క మదీనత్ అల్ జాహిరా అని తన సొంత నగరం కట్టుకుని కచేరీలన్నీ అక్కడికి మార్చేశాడు. మతపెద్దల మెప్పు కోసం అల్ హకం ప్రాణంలా చూసుకున్న గ్రంథాలయంలోంచి తత్వశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం పుస్తకాలు ఏరి తగలబెట్టించాడు. భర్త ఊరూరా వెతికి కూర్చిన పుస్తకాలు తాను చేరదీసిన మనిషి చేతిలో బూడిదయ్యాయి.

ఇక హిషాం? ఖలీఫా అని పేరు ఒక్కటే. నాణెం మీద ఆయన పేరుంది, శుక్రవారం నమాజులో ఆయన పేరుంది. మనిషి మాత్రం రాజప్రాసాదం గోడల మధ్యే. దైవభక్తిలో మునిగి ఉన్నాడని బయటికి చెప్పారు. పాతికేళ్లు దాటినా ఆయనకు సొంతంగా ఆజ్ఞ ఇచ్చే వీలు రాలేదు. కొడుకు పేరు మీద ఏ అధికారం సుబహ్ చెలాయించిందో, అదే పేరు మీద ఇప్పుడు ఇంకొకడు చెలాయిస్తున్నాడు.

తేనె జాడీల్లో బంగారం

ఇరవై ఏళ్లు చూసింది. 996లో సుబహ్ ఎదురు తిరిగింది. అప్పటికి ఆమెకు యాభై దాటింది. సైన్యం లేదు, కచేరీ లేదు. కానీ ఖజానా ఇంకా పాత రాజప్రాసాదంలోనే ఉంది. తన కళ్లెదురుగానే ఉంది.

ఆమె ఎత్తు వినండి. నూరు జాడీలు తెప్పించింది. అడుగున బంగారం, వెండి నాణేలు నింపించింది. పైన తేనె, పచ్చళ్లలాంటి తినుబండారాలు. మూతల మీద లోపల ఏముందో చీటీలు. మొత్తం 80,000 దీనార్లు ఇలా బయటికి పంపించిందని చరిత్రకారులు రాశారు. కోట కాపలావాడికి వంట సామాను కన్నా అనుమానం రానిది ఏముంటుంది? ఆ సొమ్ము సముద్రం అవతల మొరాకోలో ఉన్న జీరీ ఇబ్న్ అతియ్యా అనే సేనాని కోసం. హిషాం పేరు నిలబెట్టి, అల్ మన్సూర్‌ని దించేయాలన్నది పథకం.

కబురు అల్ మన్సూర్ చెవిన పడింది. అతను పెద్దలను, న్యాయాధికారులను పిలిచి, అంతఃపురంలో ఖజానాకు భద్రత లేదని ఒప్పించాడు. కొడుకు అబ్దుల్ మలిక్‌ని పంపి సొమ్మంతా తన నగరానికి తరలించేశాడు. సుబహ్ అడ్డుపడింది, ఆగ్రహించింది. ఎవరూ వినలేదు. తర్వాత హిషాంని కలిసి, పరిపాలన తనకే వదిలినట్టు రాయించుకున్నాడు. ఏ కొడుకు కోసం ఆమె ఇంత చేసిందో ఆ కొడుకే సంతకం పెట్టాడు!

997లో హిషాంని గుర్రమెక్కించి కార్డోబా వీధుల్లో ఊరేగించారు. పక్కనే అల్ మన్సూర్. ఏళ్ల తరబడి ఖలీఫా ముఖం చూడని జనం పోటెత్తారు. తనకు అల్ మన్సూర్ మీద ఏ ఫిర్యాదూ లేదని ఖలీఫా అందరికీ కనబడి చెప్పినట్టే అయింది. మొరాకోలో జీరీ తిరుగుబాటు చేశాడు గానీ, 998లో ఓడిపోయాడు. సుబహ్ ఇక రాజకీయం జోలికి పోలేదు. దాదాపు 999 ప్రాంతంలో కన్నుమూసింది.

పుట్టింటికి చేరిన పెట్టె

ఆ తర్వాత? అల్ మన్సూర్ 1002లో పోయాడు. ఆయన కొడుకు అబ్దుల్ మలిక్ కోసం రెండేళ్ల తర్వాత ఒక పెద్ద దంతపు పెట్టె చెక్కారు. ఖలీఫా ఇంటివాళ్ల కోసం సాగిన కళ పెత్తందారు ఇంటికి చేరిందన్నమాట. 1009లో అంతర్యుద్ధం మొదలైంది. మదీనత్ అల్ జహ్రాను కొల్లగొట్టి తగలబెట్టారు. హిషాంని దించారు, మళ్లీ ఎక్కించారు. 1013 తర్వాత ఆయన జాడ లేదు. 1031కి ఆ ఖలీఫాల వంశమే గద్దె మీంచి పోయింది. మదీనత్ అల్ జహ్రా శిథిలాలను 2018లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

భరిణెలు మాత్రం బతికాయి. ఉత్తరాది క్రైస్తవ రాజ్యాలకు చేరి, చర్చిల్లో, మఠాల్లో భద్రంగా నిలిచాయి. అపురూపమైన వస్తువు కాబట్టి పుణ్యపురుషుల, పుణ్యస్త్రీల అస్థికలు దాచుకోవడానికి అలాంటి పెట్టెలు వాడేవారు. అల్లా పేరు చెక్కిన పెట్టెలో క్రైస్తవ పుణ్యస్త్రీల అవశేషాలు! అందానికి మతం అడ్డురాలేదు. సుబహ్ భరిణె జమోరా అనే ఊరి పెద్ద చర్చిలో ఉండేది. 1911లో స్పెయిన్ ప్రభుత్వం కొని మాడ్రిడ్ మ్యూజియంలో పెట్టింది.

మరి 966 నాటి ఆ రెండో పెట్టె? అది ఫితేరో అనే ఊరి చర్చికి చేరింది. ఆ ఊరు ఎక్కడుందో తెలుసా? నవార్రాలో. సుబహ్ పుట్టిన సీమలో! సంతలో అమ్ముడుపోయి వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. ఆమె కోసం చెక్కిన పెట్టె పుట్టింటికి చేరింది.

మన దగ్గర దంతపు పెట్టెలు లేవా అంటే, ఎందుకు లేవు? పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు చెక్క పెట్టెల మీద దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద సన్నగా గీతలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కుంపిణీ దొరలూ దొరసానులూ ఎగబడి కొన్నారు. ఇప్పుడవి లండన్ మ్యూజియాల్లో కనబడతాయి. ఎవరి కోసం చేశారో కొన్నింటికి లెక్క ఉంది, చేసినవాళ్ల పేర్లు మాత్రం చాలావరకు లేవు. అందం వెనక ఏనుగు ప్రాణం ఉందని లోకం ఆలస్యంగా తెలుసుకుంది. మన దేశంలో 1986లో ఏనుగు దంతం వ్యాపారాన్ని నిషేధించారు. 1991లో ఆఫ్రికా దంతానికీ ఆ నిషేధం వచ్చింది. నిషేధం మంచిదే. నిర్మల్ వాళ్ల పునికి చెక్క పెట్టె మీద పూసే పువ్వులు ఏ దంతానికి తీసిపోతాయి?

సుబహ్‌ని పొగిడినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. రాజ్యాన్ని ఒక మోసగాడి చేతిలో పెట్టిందన్నారు. కానీ ఆమెకు నేరుగా ఏలే దారి ఎవరిచ్చారు? భర్త ప్రేమ, కొడుకు పేరు, బయట తిరిగే ఒక మగవాడి అండ... చేతికి అందిన మూడు ఆసరాలూ పరాయివే. ఆ మూడింటితోనే బానిస సంత నుంచి రాజమాత దాకా నడిచింది. మూడూ జారిపోయాక కూడా, తేనె జాడీల్లో బంగారం దాచి చివరిసారి పోరాడింది. మన ఆడపిల్లల పేరు మీద ఒక సెంటు భూమి, ఒక బ్యాంకు ఖాతా, ఒక ఉద్యోగం ఉండాలని ఎందుకు పట్టుబట్టాలో ఈ పాత కథే చెబుతోంది. ఎవరి పేరు వెనకాలో కాదు, తన పేరు మీదే ఉండాలి.

మాడ్రిడ్ మ్యూజియంలో ఆ భరిణె మూత అంచు మీద ఇవాళ్టికీ ఆమె పేరు లేదు. కానీ దాన్ని చూసి ఇది ఎవరిదని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే... సుబహ్‌ది!